మార్కాపురం వాసికి డాక్టరేట్

“బాషానే ఇచ్చాడు సార్ ఆ వార్త.”

ఫోనులో నేనన్న ఈ మాటను ఏళ్ల తరబడి మోస్తున్నాను. అది అబద్ధం. అవతల ఉన్నది బాషా పీహెచ్‌డీ గైడు. “అలాగా” అని పెట్టేశారు.

నేను మార్కాపురంలో విలేకరిని. బాషా మా వీధివాడు. వాళ్ల నాయన మస్తాన్ పలకల కార్ఖానాలో రాయి కోసి కోసి ఊపిరితిత్తులు పోగొట్టుకున్నాడు. మెకానికల్ ఇంజినీరింగ్‌లో బాషా పరిశోధనకు ఎంచుకున్నదీ ఆ దుమ్మునే. రాయి కోసేచోటే దుమ్మును లాగేసే యంత్రం తయారుచేశాడు. థీసిస్ ఇచ్చి వచ్చిన రోజు టీకొట్టు దగ్గర కనిపించాడు.

“ఫొటో తెచ్చియ్ రా డాక్టరూ, వార్త రాస్తా.”

“రాయబాకన్నా. ఇంకా వైవా పరీక్ష ఉంది.”

“వండినోడికి వడ్డించేదెంతసేపు రా?”

“మా గైడు సంగతి నీకు తెల్దు. ముందే డాక్టరని రాపిచ్చుకుంటే గడప తొక్కనీడు.”

అయినా రాశాను, డాక్టరేట్ వచ్చేసినట్టే. ఫొటో వాళ్ల చెల్లెలిని అడిగి తీసుకున్నాను. ఎందుకు రాశాను? మంచం పట్టిన మస్తాన్ కళ్లారా చూసుకుంటాడని ఇన్నాళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. నిజానికి, మరో పత్రికలో ముందు పడుతుందేమోనని భయం. గైడు ఫోన్ చేసినప్పుడు తప్పు నాదని ఉంటే ఏమయ్యేది? పత్రిక డెస్కుకు ఫిర్యాదు వెళ్లేది. మహా అయితే నా పని పోయేది. ఒకడి చదువు కంటే అది ఎక్కువా?

వైవా వాయిదా పడింది. మళ్లీ పడింది. వార్త తాను ఇవ్వలేదని బాషా ఎంత చెప్పుకున్నా గైడు నమ్మలేదు. ఎందుకు నమ్మలేదో బాషాకు ఇప్పటికీ తెలియదు. వీధిలో “ఏం డాక్టరూ, సూది వేస్తావా” అన్నవాళ్లకు కనబడకుండా తలుపు వేసుకున్నాడు. కొన్నాళ్లకు యూనివర్సిటీకి పోవడమే మానేశాడు.

నన్ను ఒక్క మాట అనలేదు. “నాయన కోసం రాసినావులే అన్నా” అన్నాడు. నేను తలూపాను. రాసినందుకు క్షమించినవాడికి, ఆ తరువాత చేసింది చెప్పడానికి నోరు రాలేదు. అబద్ధం కంటే ఆ తలూపడమే నన్ను ఎక్కువ తింటోంది.

మస్తాన్ ఆ వార్తను కత్తిరించి మంచానికి ఎదురుగా గోడకు అతికించుకున్నాడు. కొడుకు డాక్టరయ్యాడనుకునే పోయాడు.

ఎవరో తెలియని మీకు చెబితే ఊపిరి కాస్త ఆడుతోంది. చెప్పాల్సింది మీకు కాదని తెలుసు. బాషా ఇప్పుడు గిద్దలూరులో బోరు మోటార్లు బాగుచేస్తున్నాడు. దుమ్ము లాగే యంత్రం టార్పాలిన్ పట్ట కింద ఉంది. ఆ వార్త కాగితం గోడ మీదే ఉంది. వైవా జరగలేదు.