పోలమ్మ ఎండుచేపలకి ఏ షెడ్డు?

అది 2015, వానాకాలం మొదలు. అరసవల్లిలో మా ఇంటి ముందరి పాకే నా పనిచోటు. కార్లకీ, కోళ్ళకీ, గడ్డికీ, పెరట్లో సామానుకీ ఎవరికి ఏ షెడ్డు కావాలన్నా కట్టేవాణ్ణి. బడి ముఖం ఎక్కువ చూడలేదు. నా చదువంతా పొట్లాల కాగితాల మీద సాగింది. అందుకే అచ్చులో ఏది కనిపించినా ఆఖరి అక్షరం దాకా చదువుతాను, అందులో అబద్ధం కనిపిస్తే ఆ పూటంతా మండిపడతాను.

ఆ రోజుల్లో నా కోపమంతా ఒక రంగుల పుస్తకం మీద. పైన ‘గార్డెన్ షెడ్లు’ అని పేరు. మరేమీ కాదు, మన పెరటి కొట్లే. మెటల్, ప్లాస్టిక్, వుడ్ అని మూడు రకాలు చూపించి, ఒక్కోదానికి ఇన్ని నక్షత్రాలని మార్కులు వేశారు. బొమ్మల్లో పచ్చటి గడ్డి, ఆ గడ్డిని కోసే యంత్రం, పక్కన టోపీ పెట్టుకున్న దొర! మన సముద్రపు ఒడ్డున ఇసుకే తప్ప ఆ గడ్డి ఎక్కడుంది? ఉప్పుగాలి గురించి ఒక్క ముక్కయినా రాశారా? లేదు.

ఆ పుస్తకం పట్టుకునే భావనపాడు నుంచి నూకరాజు వచ్చాడు. వాళ్ళ అత్త పోలమ్మకి షెడ్డు కట్టాలట. వెళ్ళి చూశాను. పోలమ్మది ఎండుచేపల వ్యాపారం. ఎండల్లో చేపలు కొని, ఉప్పుపెట్టి, ఎండబెట్టి, గోనెల్లో దాచి, పడవలు కదలని వానల్లో సంతలకి తీసుకెళ్ళి అమ్ముతుంది. కిందటేడు దాచిన సరుకంతా చెమ్మ తగిలి బూజు పట్టింది. ఈసారి కూడా పాడైతే ఆమె వ్యాపారం ముగిసినట్టే. ఆ మాట అల్లుడే పైకి అనేశాడు.

“ఈయేడు కూడా పోయిందంటే గంప మూల పడేయ్ అత్తా. మా ఇంటికొచ్చి పిల్లల్ని ఆడించుకుంటా కూకో.”

“పిల్లల్నీ ఆడిస్తాను, నిన్నూ ఆడిస్తాను. గంప మాత్రం దించను. మేస్త్రీ, నువ్వు సెప్పు, ఏటితో కట్టమంటావు?”

నేను నోరు తెరిచేలోగా అల్లుడు పుస్తకం తిప్పాడు. “ప్లాస్టిక్కే అత్తా. తుప్పు పట్టదు, సెద పట్టదు. సూడు, అయిదు సుక్కలిచ్చారు.”

పోలమ్మకి కర్ర మీద మనసు. వాళ్ళమ్మ కర్రల అటక మీదే దాచేదట. ఆమె మొగుడు ఎర్రయ్య పెరట్లో తన పాత తెప్ప మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. తెప్పంటే దుంగల్ని తాళ్ళతో బిగించి కట్టిన పడవ. ఫైబరు పడవలొచ్చాక అది నీళ్ళ మొహం చూడలేదు, కానీ ఆయన దాని మీంచి లేవలేదు.

“రేకులు యేయించండి” అన్నాడాయన. “కర్రన్నారంటే మీ సూపులన్నీ నా తెప్ప మీదకొస్తాయి. నాకు తెల్దా ఏటి?”

నా దగ్గర మూడు నమూనా పెట్టెలు ఉండేవి. ఒకటి జీఐ షీటుది, అంటే జింకు పూత పూసిన ఇనపరేకు. ఒకటి ప్లాస్టిక్‌ది, ఒకటి కర్రది. మూడింట్లోనూ ఒకే ఎండలో ఎండిన సావిడాలు, అంటే నాడాల్లా పొడుగ్గా ఉండే చేపలు, పెట్టించి, పెరట్లో నేల మీద ఉంచి, మూతలు ఎవరూ తియ్యకూడదని చెప్పి వచ్చేశాను. బాగా వానలు పడ్డాక ఒక ఉదయం వెళ్ళాను.

ముందు రేకు పెట్టె తెరిచాం. మూత లోపల వరసగా నీటి చుక్కలు, కింద చేపలు మెత్తబడి ఉన్నాయి. దీన్ని కండెన్సేషన్ అంటారు. లోపలి గాలిలో ఉన్న చెమ్మ, చల్లబడిన రేకుకి తగిలి నీరవుతుంది.

“నీ రేకు ఏడిసింది మావా” అంది పోలమ్మ.

“సలికి నాకూ ముక్కు కారతాది. నన్నూ పారెయ్యండి!” అన్నాడు ఎర్రయ్య.

తర్వాత ప్లాస్టిక్ పెట్టె. చేపలు ఓ మోస్తరుగా బాగానే ఉన్నాయి. నూకరాజు మీసం దువ్వుతున్నాడు. పోలమ్మ పెట్టెని ఎత్తి వెనక్కి తిప్పింది.

“ఒరే అల్లుడా, ఈ బెజ్జాలేటిరా? పెట్టికి సెవులు కుట్టించావా?”

“గాలి కోసం అత్తా... లోపల ఉక్కపోస్తాది గదా!”

“గాలి లేందే పని జరగదని నువ్వే ఒప్పుకున్నావు. కూకో!”

ఇక కర్ర పెట్టె. చేప విరిస్తే పుటుక్కుమంది. పోలమ్మ మొహం వెలిగిపోయింది. కానీ నేను పెట్టె అడుగు చూశాను. నేలలోంచి చెద మట్టి గీతలా పైకి పాకుతోంది. కర్రే మేలు, అయితే నేలకి తగలకూడదు. ఎత్తు మీద నేల వెయ్యాలి, కింది నుంచి కూడా గాలి ఆడాలి. ఉప్పునీటిని ఏళ్ళ తరబడి తాగిన గట్టి దుంగలైతే మరీ మంచిది. ఈ మాట అన్నానో లేదో, అందరి చూపులూ తెప్ప మీదకే వెళ్ళాయి.

ఎర్రయ్య చుట్ట ఆర్పాడు. ఈయేటి సరుకుతో వసారాలో పట్టా కింద ఉన్న పోలమ్మ గోనెల వంక చూశాడు. “రంపం తగలనివ్వను. మేకు దిగనివ్వను. నా తెప్ప తెప్పలాగే ఉండాలి. ఒప్పుకుంటే తీసుకోండి” అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. మేకు లేకుండా షెడ్డేమిటి? కోపంతో పెరడంతా ఒక చుట్టు తిరిగేసరికి సంగతి అర్థమైంది. దుంగల్ని కొయ్యాల్సిన పనే లేదు. రాళ్ళు పేర్చి, తెప్పని ఉన్నది ఉన్నట్టే వాటి మీద పెడితే అదే నేల. దుంగల సందుల్లోంచి గాలి. అక్కడి ఉప్పుగాలికి ఇనప మేకు ఎలాగూ నిలవదు, తాళ్ళే నయం. కట్లన్నీ ఎర్రయ్యే కట్టాడు. నేను ముడి వేస్తే విప్పి మళ్ళీ కట్టాడు.

చుట్టూ సందులు వదిలి సరుగుడు కర్రలు నిలబెట్టాం. పైన రేకు, దాని చెమట పీల్చడానికి కింద తాటాకు చాప. వాన ఏటవాలుగా కొట్టేటప్పుడు దించుకోవడానికి సముద్రం వైపు ప్లాస్టిక్ తెర. తన రేకే గెలిచిందని మామ, తన ప్లాస్టిక్కే కాపాడిందని అల్లుడు ఊరంతా చెప్పుకున్నారు. పోలమ్మ ఇద్దరినీ కాదనలేదు. గోనెలు లోపల పేర్చుకుంది. “నా తెప్ప మళ్ళీ సేపలు మోస్తన్నాది” అని ఎర్రయ్య దాని అంచు మీదే కూర్చున్నాడు.

వానలు ముదిరాక ఒక ఆదివారం మా వీధిలో మోటారు సైకిలు ఆగింది. నడుపుతున్నది నూకరాజు, వెనక గంపతో పోలమ్మ. సంతలకి అత్తని తిప్పే ఉద్యోగం ఇప్పుడు అతనిదే. ఆమె సావిడాల పొట్లం నా చేతిలో పెట్టబోయింది. సూర్యదేవుడి గుడి పక్కన కాపురం మాది, ఆదివారం మా ఇంట్లో చేప పేరే ఎత్తరు. మా ఆవిడ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“ఆదివారం పూట గుమ్మంలోకి సావిడాలా?”

“ఇప్పుడు తినమన్నానేటి వదినా? దాసుకో. నాను వానలన్నీ దాసేను, నువ్వు సోమారం దాకా దాయలేవా?”

పొట్లం అరుగు మీది కర్ర పెట్టెలోకి వెళ్ళింది. సోమవారం వంకాయల్లో పడేదాకా అవి కరకరలాడుతూనే ఉన్నాయి.

ఆ రంగుల పుస్తకం వాళ్ళు ఎన్ని నక్షత్రాలైనా ఇచ్చుకోనీ. షెడ్డు దేనితో కట్టాలని ఎవరడిగినా, లోపల ఏం పెడతారు, ఏ గాలిలో పెడతారు అని తిరిగి అడగడం నాకు పోలమ్మ పెరట్లోనే అలవాటైంది. కర్రకి ఊపిరి ఉంటుందని నేనంటే నవ్వేవాళ్ళు మా వీధిలో ఉండేవారు. ఆ ఆదివారం సాయంత్రానికి, కర్ర పెట్టె సందుల్లోంచి వచ్చిన వాసనకి ముక్కు మూసుకుని, వాళ్ళంతా నమ్మారు.