ఫొటో కింద రాసిన మాట

మా ఆవిడ పోయాక అమ్మాయి మాటలు తగ్గించింది. పదో తరగతి చదువుతోంది. బడి నుంచి రాగానే ఫోన్ పట్టుకుని మంచం మీద కూర్చునేది. అన్నానికి పిలిస్తే ఆకలి లేదనేది. ఫోన్ లాక్కోమని ఆఫీసులో సలహా ఇచ్చారు. పిల్లల మీద, ఫోన్ల మీద రెండు పుస్తకాలు చదివాను. ఒకటి ఇవ్వమంది, ఇంకొకటి వద్దంది.

నాకు తెలిసింది ఒక్కటే. అమ్మాయి ఫొటో పెడితే మొదటి లైక్ వాళ్ళమ్మదే. వంట మధ్యలో తడిచెయ్యి కొంగుకు తుడుచుకుని మరీ నొక్కేది. ఆమె పోయాక నాలుగు నెలలు అమ్మాయి ఒక్క ఫొటో కూడా పెట్టలేదు.

ఒక ఆదివారం స్నేహితురాళ్ళతో నయాపూల్ వెళ్ళి, బండి దగ్గర పానీపూరీ తింటున్న ఫొటో పెట్టింది. నేను అప్పటికే ఒక ఖాతా తెరిచి ఉన్నాను. వెంటనే లైక్ కొట్టాను. అంతటితో ఆగలేదు. "ఫొటో బాగుంది. ఆ నీళ్లు తాగకండి. ఎడమవైపు అమ్మాయి చున్నీ బండి చక్రంలో పడేట్టుంది, చూసుకోమ్మా" అని కింద రాశాను.

సాయంత్రం అమ్మాయి తలుపు తోసుకుని వచ్చింది.

"డాడీ! ఏంది గిది? నా ఇజ్జత్ మొత్తం తీసినవ్!"

"తప్పేం రాసిన?"

"చున్నీ గురించి ఎవరన్న రాస్తరా? అందరు నిన్ను చున్నీ అంకుల్ అంటున్నరు!"

"మరి చున్నీ చక్రంల పడ్డదా లేదా?"

"పడ్డది! నువ్వు రాసింది చూసే గుంజుకున్నది! గదే అసలు లొల్లి! అది నీకు థాంక్యూ గూడ రాసింది!"

నాకు నవ్వొచ్చింది.

"ఎందుకు నవ్వుతున్నవ్?"

"తిట్టు బిడ్డా. నువ్వు తిట్టక మస్తు రోజులైంది."

అమ్మాయి వచ్చి మంచం అంచున కూర్చుంది. తర్వాత నాకు నియమాలు పెట్టింది. "లైక్ ఒక్కటే కొట్టు. ఏం రాయకు. పెట్టంగనే కొట్టకు, కాసుకొని కూసున్నట్టుంటది."

"మమ్మీ పెట్టంగనే కొట్టేది గదా."

"మమ్మీ వేరే." గోడవైపు చూసింది. "సరే, నువ్వు గూడ పెట్టంగనే కొట్టు. కానీ రాయకు."

"అన్నం పెట్టాల్నా?"

"ఏం చేసినవ్?"

"పప్పుచారు."

"మళ్ళా పప్పుచారేనా!"

అంటూనే కంచం తీసుకుంది. ఆ ఫొటోలో ఉన్న అమ్మాయిలెవరు, ఎవరికి ఎవరితో పడదు, అన్నీ తింటూ చెప్పింది. మధ్యలో చారు చల్లారింది. వేడి చేసి తెచ్చేసరికి, ఎక్కడ ఆపిందో అక్కడి నుంచే మళ్ళీ మొదలుపెట్టింది.