ఎస్‌కి ముందా, తర్వాతా

మా బడి అల్లవరం దాటాక రొయ్యల చెరువుల మధ్య ఉంటుంది. ఇద్దరమే టీచర్లం. కింది తరగతులు హెడ్మాస్టరు గారు చూస్తారు, నాలుగూ ఐదూ నావి. నేను బడిలో చదివింది తెలుగులోనే, ట్రైనింగు కూడా తెలుగులోనే. ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్లకి పుస్తకాలు మారాయి. ఒక పేజీలో ఇంగ్లీషు, పక్క పేజీలో అదే పాఠం తెలుగులో. పాఠం చెబుతున్నంతసేపూ నా కళ్లు తెలుగు పేజీ మీదే ఉండేవి. పిల్లలు అది గమనించరనుకునేదాన్ని.

ఆ ఏడాది ఐదో తరగతిలో పదకొండు మంది. అందులో ఒక అమ్మాయి ఉండేది. తండ్రి చెరువు కాపలా, తల్లి రొయ్యల షెడ్డులో తలలు తీసే పని. చెరువు గట్టు మీద పాకలోనే కాపురం. చుట్టూ మేత బస్తాలు ఉండేవి కాబట్టి, ఆ పిల్ల వాటి మీది ఇంగ్లీషు కూడబలుక్కుని చదవడం నేర్చుకుంది. చల్లటి, పొడి చోట నిలవ చేయాలని బస్తా మీద ఉండే ఇంగ్లీషు వాక్యాన్ని ఒకరోజు బోర్డు మీద ఒక్క తప్పు లేకుండా రాసింది. చివర చుక్క పెట్టి నావైపు తిరిగి, "బస్తా మీద ఫుల్‌స్టాప్ మర్చిపోయేరండి, నేను పెట్టేను" అంది.

నవంబరులో అన్ని బళ్లకీ ఒక పరీక్ష వచ్చింది. ఇంగ్లీషు వ్యాకరణం, కామాలు, ఫుల్‌స్టాపులు, కొటేషన్లు. ప్రశ్నపత్రాలు అందాయి గానీ జవాబుల కాగితం రాలేదు. సాయంత్రంలోగా మార్కులు ఫోనులో ఎక్కించమన్నారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక పిల్లల ముందే దిద్దడం మొదలుపెట్టాను.

ఆడపిల్లల సంచులు బెంచీ మీద ఉన్నాయి అనే అర్థం వచ్చే ఒక ఇంగ్లీషు వాక్యంలో 'గర్ల్స్' అన్న మాటకి అపాస్ట్రఫీ పెట్టాలి. పిల్లలు దాన్ని పై కామా అనేవారు. పదిమంది ఎస్‌కి ముందు పెట్టారు, నేను నేర్పింది అదే కాబట్టి. ఈ అమ్మాయి మాత్రం ఎస్ తర్వాత పెట్టింది. ఎర్ర ఇంకుతో కొట్టేశాను.

కాగితం తీసుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది.

"టీచరండీ, ఇది కరెక్టేమోనండి."

"ఎలా కరెక్టు?"

"ఒక్క అమ్మాయి కాదు కదండీ. చాలామంది. బ్యాగులు కూడా చాలా ఉన్నాయి. మరి ఒక్కళ్లకీ, చాలామందికీ ఒకలాగే ఎలా పెడతామండి?"

చాలామందైతే ఎక్కడ పెట్టాలో నాకే తెలియదు. కానీ పదిమంది పిల్లలు తలలెత్తి చూస్తున్నారు. "ఎస్ తర్వాత ఏమీ రాదు. ముందే వస్తుంది. వెళ్లి పదిసార్లు రాయి" అన్నాను. నా గొంతు నేను అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది.

"ఆయ్" అని వెళ్లి కూర్చుంది. పదిసార్లూ రాసి తెచ్చింది. పదిసార్లూ పై కామా ఎస్‌కి ముందే ఉంది. నేను సంతకం పెట్టాను.

ఆరో తరగతికి ఒక రెసిడెన్షియల్ స్కూలు ఉంది. దానికి ప్రవేశ పరీక్ష రాయాలి. ఆ పిల్ల దరఖాస్తు నేనే నింపాను. బడి వదిలాక రోజూ గంటసేపు కూర్చోబెట్టి చదివించాను. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఆ పిల్ల మీద నాకు కోపం ఎప్పుడూ లేదు. దానికి సీటు రావాలని వాళ్లమ్మ ఎంత కోరుకుందో నేనూ అంత కోరుకున్నాను.

పరీక్ష ఆదివారం. అంతకు ముందు గురువారం మండలంలో టీచర్లకి శిక్షణ పెట్టారు. నాకన్నా చాలా చిన్నావిడ బోర్డు మీద రాసి చూపించింది. ఒక్కరైతే ఎస్‌కి ముందు, చాలామందైతే ఎస్‌కి తర్వాత. అందరూ రాసుకుంటున్నారు. నేనూ రాసుకున్నాను.

శుక్రవారం చెప్పేద్దామనే వెళ్లాను. ఆ అమ్మాయి ముందు బెంచీలో కూర్చుని తన నోటుబుక్కు వల్లె వేసుకుంటోంది. నేను లెక్కల పుస్తకం తీసి భాగహారాలు మొదలుపెట్టాను. శనివారం నాకు నేనే ఒక సాకు చెప్పుకున్నాను: రేపు పరీక్ష పెట్టుకుని పిల్లని కంగారు పెట్టకూడదు. సాయంత్రం "బాగా రాయి" అని భుజం తట్టి పంపించాను.

సోమవారం ప్రార్థన గంట కొట్టకముందే వచ్చింది.

"టీచరండీ, పై కామా వచ్చిందండి."

"ఏం పెట్టేవు?"

"మీరు చెప్పినట్టేనండి. మొదట ఎస్ తర్వాత పెట్టేనండి. మళ్లీ మీరు చెప్పింది గుర్తొచ్చి, కొట్టేసి ముందుకి మార్చేను."

మెచ్చుకుంటాననుకుని నా మొహంలోకి చూస్తోంది. నేను ఆఫీసు గదిలోకి వెళ్లి హెడ్మాస్టరు గారికి జరిగినదంతా చెప్పాను. ఆయన మంచివాడు. "ఒక్క చుక్కకి ఏమైపోద్దండీ మేడమ్ గారూ. పిల్లలకి చెప్పకండి, రేపట్నుంచి మీ మాట వినరు" అన్నారు. తొలి పీరియడ్ అంతా ఆయన మాటే విని ఊరుకున్నాను. రెండో పీరియడ్‌లో బోర్డు మీద ఒక్కరికి ఒకటి, చాలామందికి ఒకటి, రెండు వాక్యాలూ రాశాను.

"నేను మీకు తప్పు నేర్పాను" అన్నాను. ఎవరిది సరైనదో ఆ అమ్మాయి వైపు చూపించి చెప్పాను. గురువారమే నాకు తెలిసిందని కూడా చెప్పాను. ఆ మాట చెప్పడమే అన్నిటికన్నా కష్టమైంది.

క్లాసులో ఎవరూ నవ్వలేదు. ఆ అమ్మాయి లేచి నిలబడింది. గొంతులో కోపం లేదు.

"మరి మిగతావన్నీ కరెక్టేనాండి?"

తెలియదన్నాను. ఆ వారమంతా పిల్లల నోటుబుక్కులు ఇంటికి తీసుకెళ్లి, వ్యాకరణం పుస్తకం పక్కన పెట్టుకుని మొదటి పేజీ నుంచి చూశాను. ఇంకో రెండు తప్పులు దొరికాయి. రెండూ నావే. రెండూ క్లాసులో చెప్పాను. మూడోసారికి పిల్లలకి అది మామూలైపోయింది, నాకు కాలేదు.

వేసవిలో జాబితా వచ్చింది. ఆ అమ్మాయి పేరు లేదు. ఎన్ని మార్కులు తగ్గాయో ఎవరూ చెప్పలేదు. ఒక్కటే తగ్గిందో, పది తగ్గాయో. ఒక్కటి కాకూడదని ఎన్నిసార్లు అనుకున్నానో. అలా అనుకుంటున్నానంటే ఆ పిల్లకి తక్కువ రావాలని కోరుకుంటున్నట్టే కదా అని మరుక్షణమే తోచేది.

వాళ్లమ్మకి చెప్పకుండా ఉండలేకపోయాను. మర్నాడు పొద్దున్నే స్కూటీ మీద రొయ్యల షెడ్డుకి వెళ్లాను. ఆవిడ ఐసు నీళ్లలోంచి చేతులు తీసి, గ్లవ్స్ ఊడదీసుకుంటూ బయటికి వచ్చింది. వేళ్లు తెల్లగా పాలిపోయి ముడతలు పడి ఉన్నాయి.

"మీరెందుకొచ్చేరండీ, కబురెడితే నేనొద్దును కదా. సీటు రాలేదని బాధపడుతున్నారా? మీరేం చేస్తారండి, అంత కష్టపడి చెప్పేరు."

"అందుకు కాదమ్మా. నేను తప్పు చెప్పాను. మీ పిల్ల కరెక్టుగా రాస్తే నేనే మార్పించాను. పరీక్షలో అది వచ్చింది."

ఆవిడకి అర్థం కాలేదు. స్కూటీ వెనక సీటు మీద పేరుకున్న దుమ్ములో వేలితో ఇంగ్లీషు మాట రాసి, పైన చిన్న గీత పెట్టి చూపించాను. ఇక్కడ ఉండాల్సింది ఇక్కడ పెట్టించానని చెప్పాను. వంగి చూసింది.

"ఇదేనాండి?"

"ఇదే."

"ఇంత దానికేనాండి?"

సీటు ఇంత దానికే పోయిందా అని అడిగిందో, ఇంత దానికే నేను అంత దూరం వచ్చానా అని అడిగిందో నాకు తెలియలేదు. అడగలేదు. లోపలినుంచి మేస్త్రి పిలిచాడు. ఆవిడ మళ్లీ గ్లవ్స్ తొడుక్కుంటూ, "హైస్కూల్లో జాయిన్ చేసేత్తామండి. సైకిలుంది, ఎల్తాది" అని లోపలికి వెళ్లిపోయింది.