తిప్పయ్య మీసం, మంచుకాలం ఎండ్రకాయలు

గుమ్మఘట్ట దగ్గర మా ఊళ్ళో ఎండ్రకాయలు కావాలంటే తిప్పయ్యను అడగాలి. అడిగితే ఇస్తాడని మాత్రం అనుకోకూడదు. చెరువు కింద వరిమళ్ళ గట్లలో బొక్కలు వెతికి, చేయి దూర్చి ఎండ్రకాయలు పట్టి అమ్మడం ఆయన పని. నేను పక్కింటివాణ్ణి. ఆయన సరుకు ఇచ్చి పంపినవాళ్ళకన్నా తిట్టి పంపినవాళ్ళే ఎక్కువని నాకు తెలుసు.

"ఎండకాలంలో యాడుంటాదప్పా కండ? బొక్కలో పడి పస్తులుండాది అది. డిప్ప నాకుతావా?" అనేవాడు. తొలకరిలో అడిగితే ఇంకో పాట. "కడుపు కింద పిల్లల్ని మోస్తాండాది. సత్తువంతా వాటికే పాయ. నీకేం మిగిలిస్తాది?" వానలు వెనకపట్టి, పొద్దున్నే గడ్డిమీద మంచు కనిపిస్తే తప్ప ఆయన నోట మంచి మాట రాదు. అప్పుడు ఎండ్రకాయను వెల్లకిలా తిప్పి, పొట్ట కింద బొటనవేలితో నొక్కి, గట్టిగా ఉంటేనే మన సంచిలో వేస్తాడు. పెళ్ళిచూపుల్లో కూడా అంత పరీక్ష ఉండదు.

ఆయన భార్య నల్లమ్మది కదిరి వైపు. ఆమె తమ్ముడు ఓబులేష్‌ది మెట్టసేద్యం. శెనక్కాయ పనులు అయిపోయి తీరిక దొరికేది ఎండాకాలంలోనే గనుక ఏటా అప్పుడే అక్కను చూడడానికి వచ్చేవాడు. బామ్మర్ది వచ్చాడు కదా అని తిప్పయ్య మనసు చంపుకుని నాలుగు ఎండ్రకాయలు తెచ్చేవాడు. కొరికితే డిప్పలో నీళ్ళు తప్ప ఏమీ ఉండేది కాదు. "మంచుకాలంలో రాప్పా, అప్పుడు చూడు," అనేవాడు తిప్పయ్య. తర్వాత వరసగా కరువులు. చెరువు నెర్రెలిచ్చింది. మంచుకాలం వచ్చేది గానీ ఎండ్రకాయ ఉండేది కాదు.

ఓబులేష్‌కు ఇదంతా సాకులా తోచింది. వాళ్ళ నాయన ముందర, బంధువులంతా వింటుండగా, "మా అక్కను ఒట్టి మాటల మనిషికి ఇచ్చినాము," అనేశాడు. ఆ మాట బస్సెక్కినట్టు వచ్చి మా ఊరు చేరింది. నల్లమ్మ మొగుణ్ణి రోజూ అంతకన్నా పెద్ద మాటలే అంటుంది. కానీ పుట్టింటివాళ్ళు అన్నారనేసరికి ఓర్చుకోలేకపోయింది. మా ఇంటి అరుగు మీద కూర్చుని ఏడ్చింది కూడా.

రెండువేల ఐదులో వానలు దంచికొట్టి చెరువు నిండి, మరవ మీద పొంగి పారింది. తిప్పయ్య రాయదుర్గం పోయి బామ్మర్దికి ఫోను చేశాడు. "మంచు పడినంక రా. డొల్లది ఒక్కటి తగిలినా మీసం తీసేస్తా. కండ ఉంటే మాత్రం నువ్వన్న మాట మీ అక్క ముందర వెనక్కి తీసుకోవల్ల."

మంచు పడినాక ఓబులేష్ వచ్చాడు. నల్లబట్టలు, మెడలో మాల, నుదుట గంధం, కాళ్ళకు చెప్పుల్లేవు.

"వాన పడితే శబరిమల వస్తానని మొక్కుకున్న్యా బావా. పడింది కదా," అన్నాడు.

లోపల పొయ్యిమీద ఎండ్రకాయల పులుసు కుతకుతలాడుతోంది. నల్లమ్మ దాన్ని పెరటిదారిన ఎత్తుకొచ్చి మా ఇంట్లో పడేసి పోయింది. పడేసిన పులుసును పారబోయడం నాకు చేతకాదు. ఆ కండ చూస్తే నాకు తిప్పయ్య మీద గౌరవం పుట్టింది. వెంటనే పోయి, సాక్ష్యం నేను చెప్తానన్నాను.

"స్వామి శరణం. మీరు తింటే నేనెట్ల ఒప్పుకునేది?" అన్నాడు ఓబులేష్.

మాలలో ఉన్న మనిషిని తిట్టకూడదు. తిప్పయ్య పళ్ళు కొరుకుతూ, "పాలు తాగండి స్వామీ," అన్నాడు. జీవితంలో బామ్మర్దికి ఆయన చేసిన మర్యాద అదొక్కటే.

స్వామి కొండకు పోయి మాల తీసి తిరిగి వచ్చేసరికి కాలవ కట్టేస్తారు, ఎండ్రకాయలు బొక్కల్లోకి పోయి చిక్కిపోతాయి. అందుకని తిప్పయ్య మంచివి ఏరి, తడిమట్టి వేసిన తొట్టిలో దాచాడు. తెల్లవారేసరికి అవి ఒకదాని కాళ్ళు ఒకటి విరుచుకున్నాయి. మిగిలినవాటిని విడదీసి ఒక్కోదాన్ని ఒక్కో కుండలో కాపురం పెట్టించాడు. నీళ్ళకుండ పోయింది, మజ్జిగ కుండ పోయింది, చివరికి పప్పు ఎనిపే కుండ కూడా పోయింది.

"అల్లుడికి కూడా ఇంత చెయ్యరు," అని నల్లమ్మ సణిగేది. తిప్పయ్య రాగిసంగటి ముద్దలు చిదిమి వేసేవాడు, పొద్దున్నే పొట్ట నొక్కబోయి వేలు కరిపించుకునేవాడు. ఆయన పనికి పోగానే నల్లమ్మ శెనగ్గింజలు నూరి కుండకింత వేసేది. ఆ సంగతి మాకు తెలుసు, తిప్పయ్యకు తెలియదు.

మాల తీసినాక ఓబులేష్ వచ్చాడు. నల్లమ్మ వండి, సంగటి పెట్టి, పులుసు పోసింది. తిప్పయ్య ఎదురుగా కూర్చుని మీసం మీద చెయ్యి వేసుకున్నాడు, అది ఇంకా ఉందా అన్నట్టు. ఓబులేష్ ఒకటి కొరికాడు. రెండోది తీసుకున్నాడు. తలెత్తలేదు.

"ఎట్లుండాదప్పా?" అన్నాడు తిప్పయ్య.

"పర్లేదు బావా."

నల్లమ్మ వంగి తమ్ముడి పళ్ళెంలోంచి ఒక డిప్ప తీసి వెలుతురుకు పెట్టింది. కడిగి ఆరబెట్టినట్టుంది.

"దీన్ని నాయనకు చూపిస్తా. లేదంటే నువ్వే చెప్పు," అంది.

ఓబులేష్ ఎంగిలి చేత్తోనే తల గోక్కున్నాడు. "తప్పు నాదేక్కా. మంచి మనిషికే ఇచ్చినాము. నాయనతో నేనే చెప్తాలే. ఇంగొకటుంటే ఎయ్యి."

చట్టిలో పులుసు తప్ప ఏమీ మిగల్లేదు. అంతమంది మీద అరిచి, అన్ని కుండలు కాచిన తిప్పయ్య ఆ ఏడు సాకినవాటిలో ఒక్క కాలైనా రుచి చూడలేదు. ఆ పులుసునే సంగటిలో పోసుకుని, చట్టి అడుగు దాకా తుడుచుకుని తిన్నాడు. తర్వాత మీసం మెలేశాడు. దానికి పులుసు అంటుకుంది. నల్లమ్మ చూసి కూడా చెప్పలేదు. సాయంత్రం దాకా ఆయన ఊరంతా అట్లాగే తిరిగాడు.