చావని ఆవు

ఇన్నేళ్ళుగా ఒక ఆవును మోస్తున్నాను. నవ్వకండి. కాళ్ళూ కొమ్ములూ ఉన్న ఆవునైతే ఎక్కడో ఒకచోట దింపేవాణ్ణి, ఇది దిగదు. మీకే ఎందుకు చెబుతున్నానంటే, మీరు నన్నెరగరు.

పందొమ్మిదివందల యాభైల్లో నేను చోడవరంలో ఒక బెల్లం కొట్టులో గుమస్తాని. రైతులు తెచ్చిన దిమ్మలు తూయించడం నా పని. ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళే ఆ ఉద్యోగం. పింఛను మాటే లేదు. "ముసిలోళ్ళమయ్యేక సావుకారు కూసోబెట్టి బెల్లం పెడతాడేటండీ?" అనేది మా ఆవిడ. అని ఊరుకోలేదు. విస్తళ్ళు కుట్టి అమ్మి, ఒక పెయ్యను కొని, కె.కోటపాడు వైపు అప్పన్న అనే రైతుకు పాలుకిచ్చింది. మేపు అతనిది, పుట్టే దూడల్లో సగం మాది. మా వయసు మళ్ళేసరికి మందవుతుందని ఆమె ఆశ. లోకం పోస్టాఫీసులో చేసే పొదుపును మా ఆవిడ పొదుగులో చేస్తోందని కొట్టులో అందరినీ నవ్వించాను. నా తెలివంతా అక్కడే ఖర్చయింది.

పెయ్య ఆవై ఈనింది. సరిగ్గా అప్పుడే నాకు చేతి గడియారం మీద మోజు పుట్టింది. ఎందుకు? నాకు టైముతో పనేముంది? కొట్టు తీస్తే పొద్దున, కట్టేస్తే రాత్రి. త్రాసు దగ్గర నలుగురి కంటా పడే చెయ్యి బోసిగా ఉందనిపించింది. అంతే. ఇంతకంటే మర్యాదైన కారణం కోసం ఇప్పటికీ వెతుకుతున్నాను. దొరకలేదు.

ఆవును ఒక బేరగాడికి అమ్మేశాను. దూడను అతని వాటా కింద అప్పన్ననే ఉంచుకోమన్నాను; ఎవరడిగినా ఆవు జబ్బు చేసి పోయిందని చెప్పమన్నాను. అతని బెల్లం తూగేది మా కొట్టులోనే, కాదని ఎలా అంటాడు? గడియారం షావుకారు మెచ్చి ఇచ్చాడని ఇంట్లో చెప్పాను. ఆవు కోసం ఏడుస్తున్న మనిషి కళ్ళు తుడుచుకుని నా చెయ్యి చూసి మురిసిపోయింది. ఆ మురిపెం తలచుకుంటే ఈనాటికీ ఒళ్ళు మండుతుంది. ఆమె మీద కాదు.

అక్కడితో ఆగితే నష్టం మా ఇంటిదే అయ్యేది. కానీ పశువును పాలుకిచ్చేవాళ్ళు ముందు చూసేది మేపేవాడి చెయ్యి. ఒక్కటి చచ్చిందంటే చాలు, ఆ చెయ్యి మంచిది కాదంటారు. అప్పన్న దగ్గర పెయ్యల్ని ఉంచిన మా వీధి ఆడవాళ్ళు, మా ఆవిడ ఏడుపు విని, ఒక్కొక్కరే వెనక్కి తోలుకొచ్చేసుకున్నారు. అతను కొట్టుకు వచ్చాడు.

"బాబూ, నా సెయ్యి మంచిది కాదంతన్నారు. పాక కాళీ అయిపోయింది. ఆవు సావనేదని ఒక్క మాట సెప్పండి."

"ఇప్పుడు చెబితే నా పరువేటవుతాదిరా?"

"మరి నాదేటి బాబూ?"

"కొన్నాళ్ళు పోతే మర్చిపోతార్లేరా."

"ఎన్నాళ్ళు బాబూ? సేతికి గడియారం కట్టేరు గదా, సూసి సెప్పండి."

నేను త్రాసు వైపు తిరిగాను. మళ్ళీ ఎవరూ అతనికి పశువును ఇవ్వలేదు. ఆ రాబడి పోయి, సేద్యం సాగక, చెరకు నరికే కూలికి పోయాడు. ఆ కూలిలోనే ప్రాణం విడిచాడని తర్వాతెప్పుడో విన్నాను.

ఇప్పుడు నాకు ఓపిక లేదు, కొట్టూ లేదు. ఇద్దరికీ ఆధారం మళ్ళీ ఆ విస్తళ్ళే. చూపు ఆనక పుల్ల వేల్లో దిగినప్పుడల్లా మా ఆవిడ అప్పన్నను తిడుతుంది. నేను పక్కన కూర్చుని ఆకులందిస్తాను. నోరు తెరవొచ్చుగా? తెరిస్తే, ఇంతకాలం ఒక అమాయకుణ్ణి తిట్టానన్న బాధ కూడా ఆమె నెత్తిన పెట్టినవాణ్ణవుతానని నాకు నేనే సర్దిచెప్పుకుంటాను. అదీ దొంగమాటే. నాకు భయం.

ఆమెకు చెబుతానో లేదో తెలియదు. మీకు మాత్రం చెబుతున్నాను: అప్పన్న చెయ్యి మంచిది. అతని దగ్గర మా పశువేదీ చావలేదు. ఈ ముక్క రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. అతను పోయాక నాకు ఆడుతోంది, చూడండి.