గీత మీద రెండు చుక్కలు

చిరుగులు కుట్టుకోవడంలో ఏదో హాయి ఉందని ఈమధ్య ఎవరో అంటుంటే విన్నాను. వాళ్ళు సరదాకి కుట్టి ఉంటారు. మా ఇంట్లో సరదాకి ఎవరూ సూది పట్టలేదు. నాకిప్పటికీ సూది చూస్తే మెడ నరాలు లాగుతాయి.

డెబ్బయ్యో దశకం మధ్యలో సంగతి. బెజవాడలో బందరు కాలవకి దగ్గరగా ఒక వాటా ఇంట్లో అమ్మా నేనూ ఉండేవాళ్ళం. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ ఒక బళ్ళో ఆయాగా చేసేది. నేను టీచర్ ట్రైనింగ్ అయిపోయి ఉద్యోగం కోసం చూస్తున్నాను. కొత్త బట్టలు కొనుక్కునే అలవాటు మాకు లేదు. పాత బట్టలు తీసుకుని స్టీలు సామాను ఇచ్చే ఆవిడ ఒకావిడ మా పేటలో తిరిగేది. పొద్దుటినుంచీ ఇల్లిల్లూ తిరిగి, గంప ఖాళీ చేసుకుని, మూట నింపుకుని, సాయంత్రం మా అరుగు మీద చేరి మంచినీళ్ళు అడిగేది. ఆ మూట మార్కెట్టుకి పోకముందే అమ్మ అందులోంచి రెండు మూడు ఏరి, బేరమాడి కొనేది.

"కొనుక్కున్నది మనది. ఒకళ్ళిచ్చింది ఎప్పటికీ వాళ్ళదే" అనేది అమ్మ. క్రిస్మస్ ముందు చర్చిలో పాత బట్టలు పంచేటప్పుడు ఆవిడ ఏనాడూ చాప మీద నుంచి లేవలేదు. నన్నూ లేవనివ్వలేదు.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నాలు తిని, వెలుతురు కోసం గుమ్మంలో కూర్చునేవాళ్ళం. చీర మడమ దగ్గరా, కుచ్చిళ్ళ కిందా ముందు పోతుంది. ఆ చివికిన ముక్క అడ్డంగా కోసేసి, మిగిలిన రెండు భాగాలూ కలిపి కుట్టాలి. ఆ అతుకు కట్టుకున్నప్పుడు లోపలి చుట్టులోకి వెళ్ళేట్టు ముందే కొలుచుకోవాలి. చొక్కా కాలరు విప్పి, తిరగేసి మళ్ళీ కుడితే ఇంకో రెండేళ్ళొస్తుంది. పావడా అయితే నాడా మార్చాలి. ఒకటి అవుతుందనగానే ఇంకోటి పిగులుతుంది. పిగలని ఆదివారం నాకు గుర్తు లేదు. అప్పటికే అమ్మకి చూపు తగ్గింది. "దారం ఎక్కించవే" అంటూ గంటకి నాలుగుసార్లు సూది నా చేతికిచ్చేది. ఉద్యోగం వస్తే ముందు అమ్మ చేతిలో సూది లాగేస్తానని నాలో నేను ఎన్నోసార్లు అనుకున్నాను. నాకు ఉద్యోగం కావాల్సింది అందుకే. దేశానికి చదువు చెప్పాలని కాదు.

ఒక పని మాత్రం పూర్తిగా నాది. చాకలి గుర్తు కోసెయ్యడం. ఆ రోజుల్లో చాకలికి వేసే ప్రతి బట్టకీ ఒక మూల నల్లటి గుర్తు ఉండేది. ఇంటికో గుర్తు. నల్లజీడి గింజని గుచ్చి, ఆ రసంతో గీతో చుక్కో పెట్టి, పైన సున్నం అద్దుతారు. బట్ట చిరిగిపోతుంది గాని ఆ గుర్తు చెరగదు. కొన్న బట్ట ఏదైనా సరే, ముందు ఆ అంచు రెండు వేళ్ళ వెడల్పున కోసేసి, మడిచి కుట్టాలి. అమ్మకి ఇందులో పట్టుదల ఎక్కువ.

మైలవరం దగ్గర ఒక స్కూలు నుంచి ఇంటర్వ్యూకి రమ్మని కార్డు వచ్చింది. శుక్రవారం పొద్దున. ఆ ముందు వారమే మూటలో మంచి చీర దొరికింది. తెల్లటి నేత చీర, నీలం అంచు. రెండు చోట్ల కోసి అతుకు వేశాం. ఆదివారం సాయంత్రమయ్యేసరికి నా వేళ్ళు పుండ్లు పడ్డట్టున్నాయి. గుర్తు ఉన్న కొస అంచు ఇంకా కొయ్యలేదు. మొత్తం అంచు కుట్టాలి మళ్ళీ. గీత మీద రెండు చుక్కలు, అదీ లోపల దోపుకునే చెంగున, ఎవడు చూడొచ్చాడు?

"అంచు కోశావా?" అంది అమ్మ.

"ఆఁ" అన్నాను.

అమ్మ చీర అంచు పట్టుకుని వెలుతురులోకి తిప్పి చూసి, మడిచి పక్కన పెట్టింది. చుక్కలు ఆవిడ కళ్ళెదురుగానే ఉన్నాయి.

బట్టలు మేమే ఉతుక్కునేవాళ్ళం. చెంబులో నిప్పులు పోసి ఇస్త్రీ చేసుకునేవాళ్ళం. కానీ అతుకుల దగ్గర ముడతలు చెంబుకి లొంగవని, ఇంటర్వ్యూ చీర కదా అని, ఆ ఒక్కసారికీ పేట చాకలికి వేసింది అమ్మ. సోమవారం పట్టుకెళ్ళి గురువారం తెస్తానన్నాడు. గురువారం మధ్యాహ్నం దాటినా రాలేదు. ఇద్దరం చాకిరేవు దగ్గర కాలవ గట్టుకి వెళ్ళాం.

"ఆ తెల్ల చీరాండీ? పొద్దున్నే ఇచ్చేశానండీ, ప్లీడరుగారింట్లో" అన్నాడు.

"నీకేసింది నేను కదయ్యా! వాళ్ళకెందుకిచ్చావ్?"

"ఏసింది మీరేనండీ. గుర్తు ఆళ్ళది గదండీ. కిందటిసారి నేనే పొరపాటున మీ అరుగు మీద పడేశానేమో, పాపం మీరు తిప్పి పంపారేమో అనుకున్నానండీ."

అతనిది తప్పేం లేదు. ఊళ్ళో బట్టలన్నీ కలిపి ఉడకేసేవాడికి మనిషి మొహం దేనికి? గుర్తే ఆధారం.

అమ్మ నా వైపు తిరిగి "కోశానన్నావుగా" అంది. తిట్టలేదు. తిడితే బాగుండేది. 

ప్లీడరుగారి భార్య చర్చిలో మా ముందు చాప మీద కూర్చునే ఆవిడే. మేం వెళ్ళేసరికి వరండాలో ఇస్త్రీ బట్టలు సర్దుతున్నారు. మా చీర విప్పి ఉంది. కోడలు దాన్ని పట్టుకుని "ఇది మొన్న స్టీలు బేసినుకి వేసేశాం కదండీ అత్తయ్యగారూ! మళ్ళీ ఎట్టా వచ్చింది?" అంటోంది. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని అతుకు మీద వేలితో రాస్తోంది.

అమ్మ గుమ్మం బయటే నిలబడి, "ఆ చీర మాదండీ. అమ్మాయి రేపు ఇంటర్వ్యూకి కట్టుకెళ్ళాలి" అంది.

ఆవిడకి అర్థం కావడానికి ఓ నిమిషం పట్టింది. ఆవిడ చెడ్డ మనిషైతే నాకింత గుర్తుండేది కాదు. నిజంగానే బాధపడిపోయింది. "అయ్యో, ఒక్క మాట అడిగితే నేనే ఇచ్చేదాన్ని గదమ్మా!" అంది.

"కొనుక్కున్నానండీ" అంది అమ్మ.

అంతే అంది. నేను గేటు దగ్గర చెప్పులు చూసుకుంటూ నిలబడ్డాను. సిగ్గుతో చచ్చిపోయాను. నా కోసం కాదు, అమ్మ కోసం.

ఆవిడ చీర మడతపెట్టి ఇచ్చింది. ఇస్తూ లోపలికెళ్ళి ఇంకో నాలుగు చీరలు తెచ్చింది. "ఎంత బాగా కుట్టావమ్మా, అతుకే తెలీట్లేదు. ఇవీ ఇట్టాగే కుట్టిపెట్టు. ఊరికే వద్దులే, కూలి ఇస్తాను." అమ్మ తీసుకుంది.

దారిలో నేను కోపం పట్టలేక "ఎందుకు తీసుకున్నావ్?" అన్నాను.

"పనే కదే ఇచ్చింది. దానం కాదుగా" అంది.

తిరిగొస్తూ మళ్ళీ కాలవ గట్టు మీద ఆగాం. ఇప్పుడైనా అంచు కోసేద్దామని నేనంటే, "వద్దు, ఇంకా కోస్తే కట్టుకోడానికి చాలదు" అంది. ఆ చీర మీద మా ఇంటి గుర్తు పెట్టమని చాకలిని అడిగింది. మీకు గుర్తంటూ లేదు కదండీ, ఎప్పుడూ వెయ్యలేదు కదా అన్నాడు. కాసేపు తల గోక్కుని, ఆ రెండు చుక్కల పక్కన మూడో చుక్క పెట్టాడు. 

మర్నాడు ఆ చీరే కట్టుకుని మైలవరం బస్సెక్కాను. ఉద్యోగం వచ్చింది. వచ్చిందంటే లీవు వేకెన్సీలో. మూణ్ణెల్లు ఉండటం, రెండు నెల్లు ఇంట్లో కూర్చోవడం, మళ్ళీ పిలుపు. పర్మనెంటు అయ్యేసరికి రెండేళ్ళు పైనే పట్టింది. ఆ రెండేళ్ళూ ప్లీడరుగారింటి చీరలూ, వాళ్ళు చెబితే వచ్చిన ఇంకో మూడిళ్ళ చీరలూ అమ్మ కుట్టింది. నేను మైలవరం వెళ్ళేముందు ఒక పది సూదులకి దారం ఎక్కించి, చాపకి గుచ్చి వెళ్ళేదాన్ని. ఆ రెండు వేళ్ళ గుడ్డ ఆ ఆదివారం నేను కోసి ఉంటే అమ్మకి ఆ పని తగిలేది కాదు. ఇది నేను ఎవరితోనూ అనలేదు. ఇప్పుడు అంటున్నాను.

పర్మనెంటు అయ్యాక అమ్మకి కొత్త చీర కొన్నాను. కొట్లో మడత విప్పని చీర. కట్టుకుని చర్చికెళ్ళి వచ్చింది. తర్వాత దాన్ని చాకలికే వేశాం. ఇస్త్రీ అయి వచ్చింది. అమ్మ గుమ్మంలో కూర్చుని, ఒళ్ళో పెట్టుకుని, అంచు మొదట్నుంచీ వేళ్ళతో తడుముకుంటూ వచ్చింది.

"మన గుర్తు పెట్టాడా?"

"పెట్టాడమ్మా. గీత మీద మూడు చుక్కలు."

"ఏదే, ఎక్కడ?" అంది, బొటనవేలు ఆ చుక్కల మీదే పెట్టుకుని.