అనుమానితుడికి వాఫిల్

ఐలిఫ్ ముప్ఫై ఏళ్లపాటు నార్వేలోని బెర్గెన్‌లో నాటకాలు వేశాడు. రాజులు, మంత్రులు, దెయ్యాలు, అన్నీ అయ్యాడు. అంటుగడ్డం వెనక నుంచి ఎంత గొంతు చించుకున్నా, మర్నాడు చేపల బజారులో ఒక్కరూ పలకరించిన పాపాన పోలేదు.

ఈ ఏడు మాత్రం టీవీలో ఈస్టర్ హత్యల సీరియల్లో అనుమానితుడి వేషం దొరికింది. ఈస్టర్ సెలవుల్లో కొండమీది చెక్క ఇళ్లలో చేరి, నారింజలు ఒలుచుకుంటూ హత్యలు చూడందే అక్కడి జనానికి ముద్ద దిగదు. రెండు భాగాలు వచ్చేసరికి, మంచులో ఎదురైనవాళ్లు ఐలిఫ్‌ను చూడగానే కాళ్లకున్న స్కీ పలకలు పక్కకు తిప్పేసేవారు. అతనికి అదే అసలు పండగ.

చివరి భాగం రేపనగా కాఫీపొడి అయిపోయి, పొరుగింటి బోర్గిల్ ముసలమ్మ తలుపు తట్టాడు.

"రావయ్యా హంతకుడా! ఆ విషం పెట్టింది నువ్వేగా?"

"చెప్పకూడదు పెద్దమ్మా, ఒట్టు వేయించుకున్నారు."

"నువ్వు చెప్పేదేంటిలే! అందులో అందరికీ వాఫిల్ అట్లు వేసిపెట్టే అవ్వ ఒక్కతే మంచిది, మిగతావన్నీ దొంగమొహాలే. సర్లే, కూర్చో. నా వాఫిల్ కూడా తిని చూడు."

బోర్గిల్ తియ్యగా నవ్వుతూ పళ్లెం ముందుకు తోసింది. ఐలిఫ్ చెయ్యి చాచి, ఆ నవ్వు చూసి ఠక్కున వెనక్కి లాక్కున్నాడు.

"ముందు మీరు తినండి పెద్దమ్మా."

ఆమె ఒక్క క్షణం అతని మొహంలోకి చూసి, లోపలి గదిలోకి కేకేసింది.

"ఒరే పిల్లలూ, చంపింది వీడు కాదర్రా, ఆ అవ్వ! ఇక రేపు టీవీ ఎందుకు, పేకముక్కలు తీయండి!"